ఐఎల్ఎస్ అప్రోచ్: ఇద్దరు కలిసి ఇంట్లో సాధన చేయడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. ఈ ఊళ్ల నుంచి పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లి, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికి తెచ్చుకుని, ఎయిర్‌లైన్ పిలుపు కోసం ఇంట్లో ఎదురుచూస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "సర్, ఐఎల్ఎస్ ఒక్కడినే అయితే బాగానే చేస్తాను. పక్కన ఇంకొకరు కూర్చుంటే ఎవరు ఏం చేయాలో, ఎప్పుడు ఏం అనాలో తెలియడం లేదు. ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయాలి?" ఐఎల్ఎస్ అంటే రన్‌వే దగ్గరి నుంచి వచ్చే రేడియో కిరణాలని పట్టుకుని దిగే పద్ధతి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు వివరంగా రాసి పెడుతున్నాను.

బరంపురం దగ్గరి మన రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్‌లో, జయపురంలో ఐఎల్ఎస్ లేదు. దగ్గర్లో ఉన్నవి విశాఖపట్నం, భువనేశ్వర్. పెద్ద సిమ్యులేటర్ కావాలంటే ఇంకా దూరం పోవాలి, గంటల లెక్కన డబ్బు కట్టాలి. అందుకని ఆగిపోవద్దు. మీరు నేర్చుకోవాల్సింది కిరణం మీద ఉన్నామో లేదో చూపే సూదిని మధ్యలో నిలబెట్టడం కాదు, అది మీకు వచ్చు. నేర్చుకోవాల్సింది సమయానికి నోరు తెరవడం. దానికి రెండు కుర్చీలు చాలు.

అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1994లో ఒక అధ్యయనం వెలువరించింది. సిబ్బంది పొరపాట్ల వల్ల జరిగిన 37 పెద్ద ప్రమాదాలను అందులో పరిశీలించారు. వాటిలో 31 ప్రమాదాల్లో పక్క సీటువాళ్లు పొరపాటును గమనించి అడ్డుచెప్పడంలో విఫలమయ్యారు. నూటికి 80కి పైగా సందర్భాల్లో విమానం నడుపుతున్నది కెప్టెనే. అంటే చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చెప్పలేకపోయిన చోటే ఎక్కువగా దెబ్బ తగిలింది.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు. కొత్తగా ఫస్ట్ ఆఫీసర్‌గా చేరిన రోజుల్లో, ఒక వానాకాలం సాయంత్రం, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగేటప్పుడు, స్పీడ్ ఉండాల్సిన దానికంటే ఏడు నాట్లు పడిపోవడం కళ్లారా చూశాను. "సర్" అన్నాను. ఆ తర్వాతి మాట గొంతు దాటలేదు. మూడు నాలుగు సెకన్లకి కెప్టెన్ గారే చూసి పవర్ ఇచ్చారు. దిగాక ఆయన అడిగింది ఒక్కటే: "చూశావా, చూడలేదా?" చూశానని చెప్పడానికి సిగ్గేసింది. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం. ఆ పెంపకం మంచిదే, కానీ కాక్‌పిట్‌లో కూర్చునే ముందు నోటికి వేరే అలవాటు నేర్పాలి. ఈ సాధన అంతా అందుకే.

కావలసినవి

రెండు కుర్చీలు పక్కపక్కన, మధ్యలో చిన్న స్టూలు. మీరు నేర్చుకోబోయే విమానం కాక్‌పిట్ పోస్టర్, గోడకి అంటించి. ల్యాప్‌టాప్ ఉంటే అందులో ఫ్లైట్‌గేర్ లాంటి ఉచిత సిమ్యులేటర్, ఒక జాయ్‌స్టిక్. లేకపోయినా పని ఆగదు, స్టాప్‌వాచ్‌తో నడిపే పద్ధతి కింద చెబుతాను. మాటలు రికార్డు చేయడానికి ఒక ఫోన్. ఏదైనా ఐఎల్ఎస్ చార్ట్, రెండు కాపీలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీ (విమానాశ్రయాల అధికారిక సమాచార పుస్తకం) ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, భువనేశ్వర్ చార్ట్ తీసుకోండి. చార్టులు 28 రోజుల చక్రంలో మారుతుంటాయి కాబట్టి ప్రింట్ మీద తేదీ రాసుకోండి. పాత చార్ట్ సాధనకి పనికొస్తుంది, కానీ తేదీ చూసే అలవాటు ఇక్కడే పడాలి.

మూడో మనిషి దొరికితే ఇంకా మంచిది. చెల్లెలో, స్నేహితుడో ఎవరైనా సరే, విమానాల గురించి ఏమీ తెలియనక్కర్లేదు. వాళ్ల పని చీటీలు ఇవ్వడం.

కాల్స్ అన్నీ ఇంగ్లిష్‌లోనే అనండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకునే మనకి కంగారులో మాతృభాష వచ్చేస్తుంది. పక్క కుర్చీలో ఉన్నది మీ బావే కావచ్చు, కానీ రేపు పక్కన కూర్చునేది పంజాబ్ కెప్టెనో, కేరళ కెప్టెనో. అప్రోచ్ అయ్యాక చర్చ మాత్రం మీ భాషలో హాయిగా చేసుకోండి, మనసులో మాట అప్పుడే బయటికి వస్తుంది.

ఎలా చేయాలి

1. ముందు కుర్చీలు పంచుకోండి. ఒకరు పీఎఫ్, అంటే విమానం నడిపేవారు. ఇంకొకరు పీఎం, అంటే గమనిస్తూ రేడియో, గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) చూసేవారు. వయసులో పెద్దవాళ్లే ఎప్పుడూ పీఎఫ్ కాకూడదు, రెండు అప్రోచ్‌లకి ఒకసారి మారండి. చేతులు మారేటప్పుడు "యూ హావ్ కంట్రోల్" అని ఒకరు, "ఐ హావ్ కంట్రోల్" అని ఇంకొకరు అనాలి. తల ఊపితే లెక్కలోకి రాదు.

2. బ్రీఫింగ్ పీఎఫ్ ఇవ్వాలి, రెండు నిమిషాలు దాటకూడదు. రన్‌వే, ఫ్రీక్వెన్సీ, కోర్సు, గ్లైడ్ స్లోప్ (ఏటవాలుగా కిందికి దారి చూపే కిరణం) పట్టుకునే ఎత్తు, ఎంత దూరంలో ఎంత ఎత్తు ఉండాలో ఒక చెక్ పాయింట్, డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు), గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) దారి. పీఎం తన కాపీ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూడాలి. తర్వాత చార్ట్ మూసేసి పీఎఫ్‌ని అడగాలి: "గో అరౌండ్ అయితే మొదటి మలుపు ఎటు, ఎంత ఎత్తుకి?" జవాబు రాకపోతే బ్రీఫింగ్ మళ్లీ మొదటి నుంచి. విశాఖలాంటి కొండల ఊరిని తలుచుకుంటే ఈ ప్రశ్న ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

నోటమ్ (పైలట్లకి ఇచ్చే హెచ్చరిక నోటీసు) కూడా ఇక్కడే చదవాలి. 1997 ఆగస్టు 6న గువామ్‌లో గ్లైడ్ స్లోప్ పనిచేయడం లేదని ముందే నోటీసు ఉంది. అయినా కొరియన్ ఎయిర్ 801 కాక్‌పిట్‌లో అది పనిచేస్తోందా లేదా అన్న గందరగోళం చివరి నిమిషాల దాకా నడిచింది. విమానం రన్‌వేకి మూడు మైళ్ల ముందే కొండని తాకింది.

3. ఫ్రీక్వెన్సీ పీఎం పెట్టాలి, పీఎఫ్ చదివి ఒప్పుకోవాలి, మోర్స్ ఐడెంట్ (ఆ ఐఎల్ఎస్ ఏదో తెలిపే మోర్స్ సంకేతం) ఇద్దరూ వినాలి. పోస్టర్ మీద చేస్తుంటే ఆ మోర్స్‌ని పీఎం నోటితో చెప్పాలి.

4. క్యూఎన్‌హెచ్, అంటే ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం అంకె. దీని దగ్గర తొందరపడకండి. టవర్ చెప్పిన అంకెని పీఎం బయటికి చదవాలి, ఇద్దరూ విడివిడిగా పెట్టుకోవాలి, ఇద్దరి ఆల్టిమీటర్లూ పోల్చుకోవాలి. ఒక్క హెక్టాపాస్కల్ తేడా దాదాపు 28 అడుగులు. 2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్‌లో 1001 అనాల్సిన చోట కంట్రోలర్ 1011 అన్నారు. ఆ ఎయిర్‌బస్ తాము అనుకున్న దానికంటే 280 అడుగుల కింద దిగుతూ, రన్‌వే ఇంకా రాకముందే నేలకి ఆరడుగుల ఎత్తు దాకా వచ్చి గో అరౌండ్ చేసింది. అది ఐఎల్ఎస్ కాదు, శాటిలైట్ సాయంతో ఆల్టిమీటర్ ఎత్తుని నమ్ముకుని దిగే అప్రోచ్. ఐఎల్ఎస్‌లో గ్లైడ్ స్లోప్ రేడియో కిరణం కాబట్టి క్యూఎన్‌హెచ్ తప్పినా దారి తప్పదు, కానీ మీ డెసిషన్ ఆల్టిట్యూడ్ తప్పుతుంది. గోపాల్‌పూర్ తీరాన వాయుగుండం పట్టిన రోజుల్లో పీడనం ఎంతలా పడిపోతుందో మనకి తెలిసిందే. అలాంటి రోజున పాత అంకె వదిలేస్తే ఆల్టిమీటర్ ఉన్న ఎత్తు కంటే ఎక్కువ చూపిస్తుంది.

5. లోకలైజర్ (రన్‌వే మధ్యగీతకి దారి చూపే కిరణం) సూది కదలగానే పీఎం "లోకలైజర్ అలైవ్", గ్లైడ్ స్లోప్ కదలగానే "గ్లైడ్ స్లోప్ అలైవ్" అనాలి. గ్లైడ్ స్లోప్‌ని కింది నుంచే పట్టుకోండి. పైనుంచి దిగుతూ పట్టుకోబోతే, మూడు డిగ్రీల అసలు కిరణం కాక దాదాపు తొమ్మిది డిగ్రీల దగ్గరుండే అబద్ధపు కిరణం దొరకవచ్చు. సూది మధ్యలోనే ఉంటుంది, విమానం మాత్రం ఉండకూడని ఎత్తులో ఉంటుంది. దీన్ని పట్టించేది ఒక్క లెక్కే. రన్‌వే అంచు నుంచి ఆరు నాటికల్ మైళ్లలో సుమారు 1,950 అడుగులు, ఐదులో 1,650, నాలుగులో 1,300, మూడులో 1,000, రెండులో 700. ఇవి రన్‌వే నుంచి ఎత్తులు. ఆల్టిమీటర్ మీద చూసేటప్పుడు రన్‌వే ఎలివేషన్ కలుపుకోండి, డీఎంఈ (దూరం చూపే పరికరం) ఎక్కడి నుంచి కొలుస్తోందో చార్ట్‌లో చూడండి. నాలుగు మైళ్ల దగ్గర పీఎం దూరం, ఎత్తు రెండూ పలకాలి. ఇక్కడ తేడా వస్తే క్యూఎన్‌హెచ్ తప్పైనా అయి ఉండాలి, కిరణం తప్పైనా అయి ఉండాలి. కారణం వెతుక్కుంటూ కిందికి దిగవద్దు, గో అరౌండ్ చేసి పైన వెతుక్కోండి.

6. వెయ్యి అడుగుల దగ్గర ఆగి చూసుకోవాలి. పీఎం "వన్ థౌజండ్" అంటారు. ఆ క్షణానికి గేర్, ల్యాండింగ్ ఫ్లాప్స్ దిగి ఉండాలి, చెక్‌లిస్ట్ అయిపోయి ఉండాలి. స్పీడ్ అప్రోచ్ స్పీడ్‌కి పది పైన, ఐదు కింద దాటకూడదు. దిగే వేగం నిమిషానికి వెయ్యి అడుగుల లోపుండాలి. రెండు సూదులూ ఒక్క డాట్ (మధ్య నుంచి పక్కకి ఎంత తప్పిందో చూపే చుక్క) లోపల ఉండాలి. పవర్ ఐడిల్‌లో, అంటే ఇంజిన్ కనీస శక్తిలో, ఉండకూడదు. ఇవన్నీ ఉంటేనే "స్టేబుల్", ఒక్కటి లేకపోయినా "అన్‌స్టేబుల్, గో అరౌండ్". ఇవి సాధనకి నేను పెట్టిన హద్దులు. ఎయిర్‌లైన్‌లో చేరాక వాళ్ల ఎస్ఓపీలో (కంపెనీ పని పద్ధతుల పుస్తకంలో) ఏముంటే అదే మీకు ప్రమాణం, ఇవి మర్చిపోండి.

పవర్ సంగతి ప్రత్యేకంగా చెబుతాను. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951లో నేల నుంచి ఎత్తు కొలిచే ఎడమ రేడియో ఆల్టిమీటర్ చెడిపోయి, విమానం నేల మీదికి వచ్చేసిందనుకుని, పవర్ తనంతట తనే సర్దే ఆటోథ్రాటిల్ పవర్‌ని ఐడిల్‌కి లాగేసింది. గ్లైడ్ స్లోప్‌ని పైనుంచి పట్టుకోబోయారు కాబట్టి, ఐడిల్ మామూలే అనిపించింది. కాక్‌పిట్‌లో ముగ్గురు పైలట్లు ఉన్నారు. వెయ్యి అడుగులు దాటాక కూడా చెక్‌లిస్ట్ నడుస్తూనే ఉంది. 144 నాట్లు ఉండాల్సిన స్పీడ్ 83కి పడిపోయింది. తొమ్మిది మంది పోయారు. ముగ్గురున్నారు కదా, ఎవరో ఒకరు చూస్తారులే అన్న ధీమా ఎప్పుడూ వద్దు.

7. వెయ్యి నుంచి రెండు వందల దాకా. 140 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌లో ఈ దూరం దాదాపు 65 సెకన్లు. ల్యాప్‌టాప్ లేనివాళ్లు స్టాప్‌వాచ్ నొక్కి, ప్రతి ఎనిమిది సెకన్లకి వంద అడుగులు తగ్గిస్తూ పలకండి. ఎంత దిగే వేగం కావాలో గ్రౌండ్ స్పీడ్‌ని ఐదుతో గుణిస్తే సుమారుగా వస్తుంది: 120కి 600, 140కి 700.

ఈ 65 సెకన్లలో పీఎం కళ్లు లోపలే ఉండాలి. తేడా కనిపించగానే ఏది తప్పిందో, ఎంత తప్పిందో అనాలి. "స్పీడ్, మైనస్ సెవెన్." "వన్ డాట్ హై." "సింక్ రేట్, ట్వెల్వ్ హండ్రెడ్." "సర్, కొంచెం స్పీడ్ చూడండి" అనకండి. మర్యాద ముందొస్తే అంకె వెనకబడుతుంది. "సర్" తప్పనిసరి అనిపిస్తే అంకె తర్వాత అనండి. పీఎఫ్ "కరెక్టింగ్" అని నోటితో జవాబివ్వాలి. మూడు సెకన్లలో జవాబు రాకపోతే అదే మాట గొంతు పెంచి రెండోసారి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పీఎఫ్ స్పృహలో లేరనే అనుకుని "ఐ హావ్ కంట్రోల్" అని తీసుకుని గో అరౌండ్ చేయాలి. మూడోసారి బతిమాలడం లేదు.

8. డెసిషన్ ఆల్టిట్యూడ్‌కి వంద అడుగుల పైన "అప్రోచింగ్ మినిమమ్స్", తర్వాత "మినిమమ్స్". పీఎఫ్ నోటి నుంచి వెంటనే "కంటిన్యూ" లేదా "గో అరౌండ్" రావాలి. "ఏదో లైట్ కనిపిస్తున్నట్టుంది" అనేది జవాబు కాదు. మౌనం కూడా కాదు, మౌనమంటే గో అరౌండ్ అని ముందే ఒప్పందం చేసుకోండి. పీఎఫ్ తల పైకెత్తాక పీఎం కూడా బయటికి చూస్తుంటే లోపల సూదుల్ని చూసేవాళ్లుండరు. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు ఇదే. రన్‌వే చూడాలన్న ఆత్రం అంత సులువుగా పోదు.

9. గో అరౌండ్ ఎవరన్నా అనవచ్చు, అన్నాక చర్చ లేదు. పవర్, ముక్కు పైకి, ఫ్లాప్స్ ఒక మెట్టు, "పాజిటివ్ క్లైంబ్", "గేర్ అప్". ప్రతి మూడు అప్రోచ్‌ల్లో ఒకటైనా గో అరౌండ్‌తోనే ముగించండి. ఎప్పుడూ దిగడమే సాధన చేస్తే చేతికి దిగడమే వస్తుంది.

2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 గ్లైడ్ స్లోప్ ఎత్తుకి దాదాపు రెట్టింపు ఎత్తులో అప్రోచ్‌లోకి వచ్చింది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నారని, అయినా కెప్టెన్ దిగడానికే మొగ్గారని విచారణ తేల్చింది. 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగుల దగ్గర చక్రాలు తాకాయి. 158 మంది పోయారు. ఆ ఫస్ట్ ఆఫీసర్ నోరు తెరిచారు. పైన ఏడో అంశంలో చెప్పిన చివరి మెట్టు, కంట్రోల్ తీసుకోవడం, ఎందుకు సాధన చేయాలో ఆ మూడు పిలుపులు తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. వినేవారు వినకపోతే ఏం చేయాలో ముందే చేతికి అలవాటై ఉండాలి. ఆ క్షణంలో ఆలోచించుకునే వ్యవధి దొరకదు.

చీటీలు

నాలుగైదు అప్రోచ్‌లు సాఫీగా వచ్చాక చీటీలు మొదలుపెట్టండి. పది కాగితాలు మడిచి డబ్బాలో వేసి మూడో మనిషికి ఇవ్వండి. "క్యూఎన్‌హెచ్ పది తప్పు పెట్టు." "స్పీడ్ పది తగ్గించు, ఏమీ అనకు." "గ్లైడ్ స్లోప్ జెండా పడింది" (అంటే సంకేతం పోయింది). "మినిమమ్స్ దగ్గర రన్‌వే కనపడలేదు." "ఐదు వందల దగ్గర మాట్లాడటం ఆపెయ్." "టవర్ ఇప్పుడే గాలి మారిందన్నారు." వాళ్లు ఒకటి తీసి రహస్యంగా పీఎఫ్‌కి చూపిస్తారు, పీఎఫ్ కావాలనే ఆ తప్పు చేస్తారు. రెండు చీటీలు ఖాళీగా ఉంచండి. ప్రతిసారీ తప్పు వస్తుందని తెలిస్తే పీఎం దాని కోసమే వెతుకుతారు, మిగతావి వదిలేస్తారు.

మీ అన్నయ్యో, బాబాయి కొడుకో పీఎఫ్‌గా ఉన్నప్పుడు ఈ చీటీ ఇంకా బాగా పనిచేస్తుంది. కావాలనే చేస్తున్నారని తెలిసినా మొదట్లో మీ గొంతు సన్నగానే వస్తుంది. నాలుగో రోజుకి మామూలు గొంతు వస్తుంది. మార్పు అక్కడే తెలుస్తుంది.

తరచుగా జరిగే తప్పులు

"చెక్" అనే మాట చిలకపలుకైపోవడం. పీఎం "వన్ థౌజండ్" అనగానే చూడకుండానే పీఎఫ్ "చెక్" అంటారు. అనుమానమొస్తే ఆ క్షణంలో స్క్రీన్ మీద కాగితం అడ్డం పెట్టి "స్పీడ్ ఎంత?" అని అడగండి.

వెయ్యి కిందకి వచ్చాక కంప్యూటర్‌లో ఏదో టైప్ చేస్తూ ఇద్దరూ తల దించుకోవడం. టవర్ ఏదైనా మార్చితే, ఒకరు నడుపుతూ ఉండగానే రెండో వాళ్లు చూడాలి. కుదరకపోతే గో అరౌండ్.

అప్రోచ్ మధ్యలో పాఠం చెప్పడం. "అలా కాదురా, ముందు పవర్ తగ్గించి..." అని పీఎం మొదలుపెడితే ఆ ఐదు సెకన్లలో అరవై అడుగుల దాకా పోతాయి. అంకె చెప్పి ఊరుకోండి. మిగతాది కిందకి దిగాక.

కాల్స్ మరీ ఎక్కువైపోవడం కూడా తప్పే. సగం డాట్ కదిలినప్పుడల్లా అరిస్తే పీఎఫ్ చెవి మూసుకుపోతుంది. హద్దు దాటినప్పుడే అనండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ఫోన్ రికార్డింగ్ వినండి. సిమ్యులేటర్ వాడితే దాని రీప్లే పక్కన పెట్టుకోండి. నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాయండి: హద్దు దాటిన సార్లు ఎన్ని, పీఎం చెప్పినవి ఎన్ని, చెప్పడానికి ఎన్ని సెకన్లు పట్టింది. మొదటి వారం సగం కూడా చెప్పి ఉండరు, బెంగ వద్దు. రెండు మూడు సెకన్లలోపే, అంకెతో సహా, అన్నీ చెప్పగలిగిన రోజున ఈ సాధన పని చేసినట్టు. ల్యాండింగ్ ఎంత మెత్తగా అయిందో రాయకండి, దానికి ఇక్కడ లెక్క లేదు.

చర్చలో ముందు చిన్నవాళ్లు మాట్లాడాలి. పీఎఫ్ తన తప్పులు తనే ముందు చెప్పుకోవాలి, తర్వాతే పీఎం. రోజుకి నాలుగు అప్రోచ్‌లు చాలు. పది చేస్తే చివరి ఆరూ టెన్షన్‌తో, అలసటతో గడుస్తాయి, చెడ్డ అలవాట్లు పడేది అప్పుడే.

తోడు ఎవరూ లేకపోతే

గుణుపురంలోనో, మల్కనగిరిలోనో ఉండి చుట్టుపక్కల ఇంకో పైలట్ లేనివాళ్లు కూడా అడిగారు. ఒక రోజు మీరే పీఎఫ్‌గా సిమ్యులేటర్‌లో నాలుగు అప్రోచ్‌లు చేసి స్క్రీన్ రికార్డు చేయండి. రెండింటిలో కావాలనే తప్పులు పెట్టండి. రెండు రోజులు వదిలేయండి, ఏ తప్పు ఎక్కడ పెట్టారో మర్చిపోవాలి. మూడో రోజు ఆ వీడియో పెట్టుకుని పీఎంగా కుర్చీలో కూర్చుని కాల్స్ అన్నీ పైకి అనండి, మనసులో కాదు. ఇంట్లోవాళ్లు వింటారని గొంతు తగ్గించకండి. పక్క గదిలోకి వినిపించేంత గట్టిగా అనండి.